గుమ్మాలు మూసిన ఎండాకాలం

నాకు కోపం వస్తే వంట బాగా కుదురుతుంది. పంతొమ్మిది వందల ఎనభై మూడు ఎండాకాలమంతా వరంగల్ గిర్మాజీపేటలోని మా ఇంట్లో పచ్చిపులుసు దగ్గర నుంచి పప్పుచారు దాకా అన్నీ అమోఘంగా వచ్చాయి. అమ్మ మారు పెట్టించుకుని మరీ తినేది. అన్న మాత్రం పళ్లెం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు. అన్యాయం జరిగింది అతనికి, మండిపోతున్నది నాకు. ఇంట్లో ఒకరికి పౌరుషం లేకపోతే ఆ వాటా కూడా ఇంకొకరికే వస్తుందేమో, నాకు రెండు వాటాలు వచ్చాయి.

మా అన్న రాంచందర్ పొద్దున ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు, సాయంత్రాలు నవలలు రాసేవాడు. చేతిలో ఇమిడే పాకెట్ నవలలు. బస్టాండులో, కాజీపేట ప్లాట్‌ఫాం మీద, అద్దె పుస్తకాల షాపుల్లో దొరికేవి. చౌరస్తా వెనక సందులో సొంత ప్రెస్సున్న వెంకటయ్య ‘గరుడ పాకెట్ బుక్స్’ పేరుతో నెలకొకటి వేసేవాడు. సీరీస్ పేరు ‘గుమ్మం అవతల’. సర్వే డిపార్టుమెంటులో పనిచేసే మార్తాండ్ అనే మనిషి ఖిలా వరంగల్‌లో రాతి తోరణం కింద టేపు పట్టుకుని కొలతలు తీస్తూ తీస్తూ కాలు జారి అవతల పడతాడు. అవతల ఉన్నది కూడా వరంగలే, కానీ మనది కాదు. ఒకచోట కోట అసలు కూలలేదు. ఒకచోట రైలు రాలేదు. అలా పక్కపక్కనే ఎన్నో వరంగళ్లు, దేని గుమ్మం దానిది. నెలకో గుమ్మం, నెలకో లోకం.

అన్న ఆ లోకాలకు మొదట నంబర్లు పెట్టాడు, లెక్కల మేష్టారు కదా. ఏడెనిమిది పుస్తకాలు అయ్యేసరికి ఏ నంబరు ఏ లోకానిదో అతనికే గుర్తులేదు. నాలుగో లోకంలో విరిగిన చెయ్యి ఏడో లోకంలో ఎలా అతుక్కుందని జనగామ నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. దానికి జవాబు వెతకడానికి అన్న పాత పుస్తకాలన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాడు.

“నంబర్లు ఎవనికి గుర్తుంటయి అన్నా? పేర్లు పెట్టు” అన్నాను.

“నాకు పేర్లు తోచయే. నువ్వే పెట్టు.”

పెట్టాను. నాకు అది కష్టం కాలేదు. నర్సంపేట దగ్గర మా ఊళ్లో ఏ భూమి ముక్కనూ ఎవరూ సర్వే నంబరుతో పిలవలేదు. నంబరు పట్వారీకి కావాలి. పొద్దున్నే సద్ది కట్టుకుని పోయేవాళ్లకు అది అలుగు కింది మడి, పాముల గడ్డ, ఏమీ పండని మొండి చెలక, ఇద్దరు అన్నదమ్ముల తగాదా తెగని పంచాయితి చెలక. అక్కడ ఏం ఉందో, ఏం లేదో, ఏ తగాదా అయిందో, అదే దాని పేరు. పేరు వినగానే దాని దారి కూడా గుర్తొస్తుంది.

నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను. ఇళ్ల కప్పుల దాకా నీళ్లు నిలిచిన వరంగల్ అలుగు కింది లోకమైంది. పసిపిల్ల ఏడుపు వినపడని వరంగల్‌కు మొండి చెలక అని పెట్టాను. ఇద్దరు రాజులు ఒకే గద్దె కోసం మూడు తరాలుగా కొట్టుకుంటున్న చోటు పంచాయితి చెలక. అందరూ ఎడమచేత్తో తినే లోకానికి మాత్రం అమ్మ పెట్టింది పేరు. కథ విని, “గది తిక్క మడి, ఇంకేంది” అంది, అదే ఖాయం చేశాం.

అన్న మొదట నవ్వాడు. “సైన్స్ ఫిక్షన్ల చెలక ఏందే, మడి ఏందే?”

“మరి నాలుగేంది, ఏడేంది? బస్సు నంబర్లా?”

పాఠకులు ఆ పేర్లను నెత్తిన పెట్టుకున్నారు. ఉత్తరాల్లో ‘మొండి చెలక’ గురించి సొంత ఊరి గురించి రాసినట్టు రాసేవాళ్లు. ప్రతి లోకానికీ పేరు, ఆనవాలు, గుమ్మం ఎటువైపు ఉంది, అవతలికి పోయినవాళ్లు ఎవరు, తిరిగొచ్చింది ఎవరు, అన్నీ నేనే వరసపెట్టి చూసుకునేదాన్ని. ప్రూఫులు దిద్దేది కూడా నేనే. నాకు బి.ఏ. ఉంది, పెళ్లి మీద తొందర లేదు, తప్పు కనిపిస్తే ఊరుకునే గుణం అసలే లేదు.

ఒక కట్టుబాటు కూడా నాదే. పదో పుస్తకంలో మార్తాండ్ భార్య మొండి చెలకలో ఉండిపోతుంది, ఈలోపు గుమ్మం మూసుకుంటుంది. గుమ్మం తెరిపించమని సంచుల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి. అన్న మెత్తబడ్డాడు. నేను ఒప్పుకోలేదు. పోయిన మనిషి ప్రతి నెలా తిరిగొస్తుంటే ఇక ఏడ్చేదెవరు? మూతపడ్డ గుమ్మం మళ్లీ తెరుచుకోదు, అంతే. ఆ మాట జనానికి ఎంత నచ్చిందంటే వెంకటయ్య దాన్ని ప్రతి పుస్తకం వెనక అట్ట మీద అచ్చు వేయడం మొదలుపెట్టాడు.

శివరాత్రి వెళ్లాక వచ్చిన పుస్తకం మీద మా అన్న పేరు లేదు. రచన: శశిధ్వజ. వెనక అట్ట మీద నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక యువకుడి ఫోటో. అది వెంకటయ్య అల్లుడు లక్ష్మీపతి అని, లోపలున్నది అక్షరం పొల్లుపోకుండా మా అన్న రాసిందేనని చూడగానే తెలిసిపోయింది.

“అచ్చుతప్పా?” అని అడిగాను, కాదని తెలిసి కూడా.

“రాంచందర్ అంటే పాత పేరట. జనానికి కొత్త పేరు కావాలెనట” అన్నాడు అన్న, చెప్పులు విప్పుతూ.

“జనం అన్నరా, మామ అన్నడా?”

“ఊకో సారలా. పేరుల ఏమున్నది?”

అన్నీ పేరులోనే ఉన్నాయని ఆ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ రోజు గుత్తొంకాయ వండాను. చాలా బాగా కుదిరింది. అన్న ముట్టలేదు.

ఏప్రిల్‌లో వెంకటయ్య అన్నను పిలిపించాడు. నేనూ వెంట వెళ్లాను. ప్రెస్సులో ఫ్యాను తిరుగుతున్నా గాలి వేడిగానే వస్తోంది. వెంకటయ్య సఫారీ సూటులో కూర్చుని కొత్త పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని ఎగరేసి పట్టుకుంటున్నాడు. పుస్తకాలు వేసే ఆ మనిషి ఒక్క పుస్తకం కూడా చదివి ఎరగడు. అట్ట బొమ్మ చూస్తాడు, చేత్తో బరువు చూస్తాడు, అంతటితో సరి. ఆ సంగతి వరంగల్ అంతటికీ తెలుసు, ఆయన కూడా దాచుకునేవాడు కాదు.

“రాంచందర్, ఏమనుకోకు. ఇగ మీదికి మావోడే రాస్తనంటాండు. ఇంట్ల పోరు పడ్తలేను. నువ్వు చదువు చెప్పేటోనివి, నీకు వేరే పని ఉన్నది. ఆయనకేమున్నది చెప్పు?”

“సీరీస్ నాది గద సార్” అని మాత్రం అన్నాడు అన్న, అదీ టేబుల్‌కు చెప్పినట్టు.

“అట్ట మీద గరుడ అని ఉంటది. రాసేటోళ్లు వస్తరు, పోతరు.” వెంకటయ్య నా వైపు తిరిగాడు. నేను ఆయన పుస్తకాలకు రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను, నా పేరు ఆయనకు తెలియదు. “అమ్మాయ్, నీతోటి ఒక పని పడ్డది. ఎండాకాలం సెలవులకు స్పెషల్ తెస్తానం. లోకాలన్నీ ఒక్కకాడ కావాలెనని జనం పాణం తీస్తాన్రు. పేర్లు, ఆనవాళ్లు, గుమ్మాలు, అన్ని వరసగ రాసియ్యి. మావోనికి గూడ ముందుకు రాసుకునేతందుకు అక్కరకు వస్తది.”

ఎంత ధైర్యం! అన్న నోటి దగ్గరి కూడు లాక్కుని, అది ఎలా తినాలో నన్ను చెప్పమంటున్నాడు. నా చెవులు వేడెక్కాయి. కానీ నా ముఖం చాలా మంచి ముఖం, కోపాన్ని బయటికి చూపదు.

“రాసిస్త సార్. మీరు ఒకసారి చూసుకుంటరా?”

“నేనేం చూస్తనే? ఎప్పటిలెక్కనే నువ్వు చూసి గట్టయ్యకియ్యి, కంపోజ్ చేస్తడు.”

“మీ అల్లుడు గారు?”

“ఆయనకు పురుసత్ లేదు. నవల మొదలువెట్టిండు.”

నేను తలూపి లేచాను. దారిలో అన్న సైకిలు నడిపించుకుంటూ, “నువ్వు రాసిస్తవా? నాకు గిట్ల చేసినోనికి?” అన్నాడు. జీవితంలో మొదటిసారి అతని గొంతులో కాస్త పౌరుషం విన్నాను, అది కూడా నా మీద.

“రాసిస్త. మంచిగ రాసిస్త. సూడు.”

వారం రోజులు వసారాలో కూర్చుని రాశాను. అంత శ్రద్ధగా నేను పరీక్షలు కూడా రాయలేదు. ప్రతి లోకానికీ పేరు, ఆ పేరు ఎలా వచ్చింది, అక్కడి మనుషులు ఎలాంటివాళ్లు, అన్నీ నిజంగానే రాశాను, ఏదీ దాచలేదు, ఏదీ మార్చలేదు. పాఠకులకు ద్రోహం చేయడం నా ఉద్దేశం కాదు. ప్రతి లోకం కిందా చివర ఒక్క వాక్యం మాత్రం కొత్తగా చేర్చాను, గుమ్మం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో.

‘అలుగు కింది లోకం. మొన్నటి వానకు కట్ట తెగింది. గుమ్మం నీళ్ల అడుగుకు పోయింది. మూత.’

‘రైలు రాని లోకం. రైలు వచ్చింది. లైను కోసం తోరణం రాళ్లను కంకర కొట్టారు. మూత.’

‘తిక్క మడి. అందరికీ ఒకేరోజు కుడిచెయ్యి అలవాటైంది. గుమ్మం గడియ ఎడమవైపు ఉంది. మూత.’

‘పంచాయితి చెలక. రాజులిద్దరూ ఒక్క విషయంలో రాజీపడ్డారు. బయటివాళ్లను రానివ్వకూడదని గుమ్మానికి గోడ కట్టారు. మూత.’

ఒక్కొక్కటి రాసినప్పుడల్లా నాకు కలిగిన తృప్తిని దాచుకోవడం ఎందుకు? ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. శశిధ్వజ గారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని వరంగల్ కోట చుట్టూ తిరుగుతుంటే, వెళ్లిన చోటల్లా ఆయన ముక్కు మీద తలుపు వేసినట్టు ఉండేది. ఒక్క సందు కూడా మిగల్చలేదు. ఇంకా పేరు పెట్టని లోకాల సంగతి కూడా చివర తేల్చేశాను. కోటలో తోరణం నడిమి దూలానికి నెర్రె పడిందని, ఇక దాని కింద కొత్త గుమ్మం పుట్టదని రాశాను.

ప్రెస్సులో అక్షరాలు పేర్చే గట్టయ్య ఒక్కడే ఆ భవనంలో చదివే మనిషి, చేసే పని అది కాబట్టి. సగం అయ్యాక చేతిలో సీసం అక్షరం పట్టుకుని ఆగాడు.

“సారక్కా, అన్ని మూసుకుంట పోతానవు గదనే. మరి ఆయనెట్ల రాస్తడు?”

“ఏ ఆయన?”

గట్టయ్య నన్ను కాసేపు చూశాడు. ఆ ప్రెస్సులో అల్లుడు ఆయన్ను ఎంత మర్యాదగా చూసేవాడో నాకు తెలియదు కానీ, ముఖంలో మెల్లగా నవ్వు పాకింది. “నాకెందుకు తియ్యి. కంపోజింగ్ చేసేటోనికి కథతోటి ఏం పని” అని మళ్లీ పనిలో పడ్డాడు. ఆ పేజీలు ఆయన చాలా తొందరగా పూర్తి చేశాడు.

స్పెషల్ వచ్చిన రోజు అన్న కాజీపేట స్టేషన్ నుంచి ఒక కాపీ పట్టుకుని వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. వసారాలో నిలబడే మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నేను చేటలో బియ్యం చెరుగుతూ అతని ముఖం చూస్తున్నాను.

“ఎంత పని చేస్తివే” అన్నాడు.

“నీకు చేసిన పనికి ఇది తక్కువే.”

అన్న నవ్వడం మొదలుపెట్టాడు. గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. అమ్మ కంగారుగా బయటికి వచ్చింది. ఆ రోజు అన్న పళ్లెం ఖాళీ చేసి మారు అడిగాడు. “నాకు చాతగానిది నువ్వు చేసినవే” అన్నాడు నా వైపు చూసి. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో! మా అన్న పేరు అట్ట మీదికి ఎక్కేదాకా ఊరుకోకూడదని ఆ క్షణాన గట్టిగా అనుకున్నాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు అనిపించింది.

మే నెలలో శశిధ్వజ సొంతంగా రాసిన మొదటి నవల వచ్చింది. ఆయన నేను రాసింది చదవలేదు, ఆయన రాసింది మామ చదవలేదు. మార్తాండ్ దర్జాగా పంచాయితి చెలక గుమ్మంలోంచి అవతలికి పోయాడు.

నేను మండిబజారులో జానీ మియా అద్దె పుస్తకాల షాపుకు వెళ్లాను, ఏం జరుగుతుందో కళ్లారా చూడాలని. షాపు ముందు పదిమంది దాకా ఉన్నారు. దవాఖానాలో నర్సు భద్రమ్మ తెల్లచీరతోనే వచ్చి పుస్తకాన్ని బల్ల మీద విసిరికొట్టింది.

“మూతపడ్డ గుమ్మంల నుంచి ఎట్ల పోయిండు వీడు? గోడ కట్టిన్రని మొన్ననే రాస్తిరి గద!”

“నేను రాసిన్నా అమ్మా? నేను కిరాయికిచ్చేటోన్ని” అన్నాడు జానీ మియా.

“మూసిన గుమ్మంలకెల్లి పోవచ్చంటే మరి పెండ్లాం కాడికి ఎందుకు పోలే? ఆమె ఆడ మొండి చెలకల ఒక్కతే ఏడ్సుకుంట కూసున్నది. నేను రెండు నెల్లు బాధపడ్డ ఆమె కోసం. ఉత్తగనే ఏడ్పించిన్రా మమ్ముల?”

చుట్టూ ఉన్నవాళ్లు అవును అవును అన్నారు. ఒకతను డబ్బాలో వేయడానికి ఉత్తరం అప్పటికే రాసుకుని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. జానీ మియా నన్ను చూసి చెయ్యి ఊపాడు.

“బేటీ, మీ అన్నతోటి చెప్పు. జర వచ్చి మళ్ల రాయమను. గీ కాలా చష్మావాలాతోటి నా దుకాణ్ బంద్ అయితది.” ఆ నెల మిగిలిన కట్టలను ఆయన తాడు విప్పకుండానే వెనక్కి పంపేశాడు.

వెంకటయ్య మిగిలిన కాపీల్లో ఒక చిన్న చీటీ అంటించాడు. ‘లోకాల పట్టికలో కొన్ని పొరపాట్లు దొర్లినవి. పాఠకులు దానిని పట్టించుకోవద్దని మనవి.’ అది చదివి జనం ఇంకా మండిపడ్డారు. పట్టిక అబద్ధమైతే అసలు ఏది నిజమని అడిగారు. గుమ్మాలు మూతపడ్డాయని వాళ్లు నమ్మారు, ఏడ్చారు, ఇప్పుడు వాటిని తెరిస్తే ఒప్పుకునేలా లేరు. ఎండలు ముదిరినకొద్దీ చౌరస్తా సందులో తిరిగొచ్చిన పుస్తకాల కట్టలు ప్రెస్సు గుమ్మం దాకా పేరుకుపోయాయి. నేను పని లేకపోయినా ఆ సందులోంచి నడిచి వెళ్లేదాన్ని.

జూన్ మొదట్లో గట్టయ్య వచ్చి కబురు చెప్పాడు. వెంకటయ్య మా ఇంటికి రాబోతున్నాడట. అల్లుణ్ని పక్కకు పెట్టాడట. అన్ననే బతిమాలుకుంటాడట.

“వచ్చి ఏం లాభం?” అన్నాడు అన్న. “అన్ని మూసేస్తివి. నేనే వచ్చినా ఏడికెల్లి మొదలువెట్టాలె?”

నాకు దారి తెలుసు. అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. అంతకు రెండు రోజుల ముందు ఊరి నుంచి మా చిన్నాన్న వచ్చి, పంచాయితి చెలకను చివరికి ఇద్దరు అన్నదమ్ములూ పంచుకున్నారని అమ్మతో చెప్పాడు. భూమిని పాళ్లుగా పంచుకుంటే మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పాత పేరు పోతుంది. ఒక్కో పాలుకు కొత్త పేరు పెడతారు, కొత్త గట్టు వేస్తారు, పెద్దమనుషులు ఒక్కో పాలుకు ఒక కొత్త బాట తప్పకుండా విడిపిస్తారు. దారి లేని పాలు ఉండకూడదు. వింటుంటేనే నా ఒళ్లు పులకరించింది. మూతపడ్డ గుమ్మాన్ని తెరవక్కర్లేదు. కట్టుబాటు తప్పక్కర్లేదు. లోకాన్ని పంచితే చాలు. ప్రతి ముక్కకూ కొత్త పేరు, కొత్త గుమ్మం. మొండి చెలకను రెండు పాళ్లు చేస్తే ఒక పాలులో మార్తాండ్ భార్య ఉంటుంది. భద్రమ్మ లాంటివాళ్లు ఆ పుస్తకం కోసం లైను కడతారు.

అన్నకు చెప్పలేదు అప్పుడే. వెంకటయ్య వచ్చి, తల వంచి, రాంచందర్ పేరు పెద్ద అక్షరాల్లో వేస్తానని మా ఇంట్లో మా అమ్మ ముందు ఒప్పుకున్న తర్వాత చెప్పాలని దాచుకున్నాను. ఆ రుచి కోసం ఎండాకాలమంతా ఆగాను, ఇంకొక్క పూట ఆగలేనా?

మృగశిర కార్తె మొదటి వాన పడిన సాయంత్రం వెంకటయ్య వచ్చాడు. సఫారీ సూటు లేదు, మామూలు లాల్చీ. చేతిలో మిఠాయి పొట్లం. అమ్మ మూలన పీట మీద కూర్చుని కత్తిపీటతో బెండకాయలు తరుగుతోంది. నేను చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. మాటలన్నీ వినపడుతున్నాయి.

“తప్పయింది రాంచందర్. ఇంట్లోళ్ల మాట విని ఖరాబైన. నువ్వే రావాలె మళ్ల.”

“నా పేరు వేయాలె సార్” అన్నాడు అన్న. సబబుగా అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

“అదే చెప్తాన. ఇన్ని రోజులు నాకు తెల్వలే, జనం దేనికి కొంటాన్రో. ఇప్పుడు ఉత్తరాలు చదివించుకున్న. అందరు ఒక్కటే మాట. అలుగు కింది లోకం, మొండి చెలక, తిక్క మడి. కథకంటె ఎక్కువ ఆ పేర్ల మీద పడి సస్తాన్రు. ఆ పేర్లు పెట్టినోళ్ల పేరే అట్ట మీద ఉండాలె. గింత పెద్దగ వేపిస్త, బొమ్మకన్న పైన. చెప్పు, అవి ఎవరు పెట్టిన్రు? నువ్వా, ఈ అమ్మాయా?”

నేను చాయ్ కప్పులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. వెంకటయ్య నా వైపు చూశాడు. అన్న చూడలేదు.

“నేనే సార్” అన్నాడు. “అన్ని నేనే పెట్టిన. మా చెల్లె సాపు రాసి పెడ్తది, అంతే.”

కత్తిపీట మీద అమ్మ చెయ్యి ఆగింది.

“అయితే నీ పేరే” అన్నాడు వెంకటయ్య సంతోషంగా. “మరి గుమ్మాలు ఎట్ల తెరుస్తవో జర చెప్పు. మూసింది మూసినట్టే ఉండాలె, మల్ల లోపలికి పోవాలె. లేకుంటె జనం కొడ్తరు.”

అన్న తల తిప్పి నా వైపు చూశాడు. రాస్తూ రాస్తూ ఎక్కడ ఆగిపోయినా అలాగే చూసేవాడు, నేను వెంటనే అందించేదాన్ని. ఆ చూపులో క్షమాపణ లేదు. నేను చెబుతానన్న నమ్మకం మాత్రం ఉంది.

నేను కప్పులు బల్ల మీద పెట్టాను. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

“నన్నడుగుతవేంది అన్నా? పేర్లు పెట్టినోళ్లకే ఎరుక” అని వంటింట్లోకి వెళ్లిపోయాను.

అన్న పేరు అట్ట మీద వచ్చింది, బొమ్మ కంటే పైన, ఎర్రటి అక్షరాల్లో. ఆ ఒక్క పుస్తకానికే. లోకాలన్నీ మార్తాండ్‌కు జ్వరంలో వచ్చిన కలలని రాశాడు. జానీ మియా ఆ కట్టను కూడా వెనక్కి పంపాడు. భద్రమ్మ ప్రెస్సుకు వెళ్లి, మా అన్న దొరకకపోతే గట్టయ్యను తిట్టిపోసిందట. దసరాకల్లా సీరీస్ ఆగిపోయింది. అన్న రైల్వే పరీక్ష రాసి డోర్నకల్‌లో గుమాస్తా ఉద్యోగంలో చేరి, అక్కడే సంసారం పెట్టాడు. అమ్మ మాత్రం అతనితో వెళ్లనంది, నా దగ్గరే ఉండిపోయింది. కారణం ఎవరడిగినా మోకాళ్ల నొప్పులని చెప్పేది.

నన్ను కొందరు రాతిగుండె అన్నారు. ఆ మాట వెంకటయ్యకు చేసినదానికి అనలేదు, తోడబుట్టినవాడికి చేసినదానికి అన్నారు. నేను ఏం చేశాను? ఒక మాట చెప్పలేదు, అంతే కదా. అతను కూడా ఒక మాటే చెప్పలేదు.

పోయిన నెల అన్న ఫోన్ చేశాడు. రిటైరై చాలా కాలమైంది, షుగరు, కళ్లజోడు, మనవల చదువులు, అన్నీ మాట్లాడాడు. ఇక పెట్టేస్తాడేమో అనుకుంటుండగా, ఊరికే గుర్తొచ్చినట్టు అడిగాడు.

“సారలా, అప్పుడు ఆ గుమ్మాలు తెరిచే ఉపాయం ఏమన్న ఉండెనా నీ కాడ?”

“ఉండె” అన్నాను.

అన్న గొంతు సవరించుకున్నాడు. “మరి ఇప్పుడన్న చెప్పరాదే. ఎవలకు చెప్పుకుంటం ఈ వయసుల.”

“చెప్త. ముందుగాల ఆ పేర్లు ఎవలు పెట్టిన్రో నువ్వు చెప్పు.”

నేను ఆగాను. అవతల అతని ఊపిరి వినపడుతోంది. వదిన ఎవరితోనో మాట్లాడుతోంది, ఏదో గూడ్సు బండి చాలాసేపు పోయింది. అది పోయాక కూడా నేను ఆగాను. అన్న ఏమీ అనలేదు.

ఫోన్ పెట్టేశాను.